గెలిచినాయన మనోడే... గెలుపు మనదేనా?

(శ్రీబాగ్ ఒడంబడిక దినం సందర్భంగా కర్నూలులో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పత్రికలో పని చేసేవాణ్ని. మైకు ముందు నిలబడటం కన్నా కింద కూర్చొని రాసుకోవడమే నాకు అలవాటు. అయినా ఈరోజు మాట్లాడతానని నేనే అడిగి వచ్చినా. ఆ మధ్య కడపలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు నన్ను ఒక ప్రశ్న అడిగినాడు. ఆరోజు సరైన జవాబు చెప్పలేకపోయినా. ఆ బాకీ ఈరోజు తీర్చుకుందామని వచ్చినా.

ఆ తమ్ముడు అడిగింది ఇది. "అన్నా, సీమకు అన్యాయం జరిగిందంటావు. రాజశేఖరరెడ్డి సీమోడే కదా. ఒకసారి గెలిచె, రెండోసారీ గెలిచె. పెన్ను మనోని చేతిలోనే ఉండె. అప్పుడు కానిది ప్రత్యేక రాష్ట్రం వస్తే అవుతుందా?"

ఈ ప్రశ్నను తోసేయకూడదు. ఉద్యమంలో ఉన్నవాళ్లం చాలాసార్లు ఇట్లాంటి ప్రశ్న వినపడనట్టు దాటేస్తాం. లేదంటే అడిగినవాణ్ని ఏదో ఒక పార్టీవాడని అంటాం. అది తప్పు. ఈ ప్రశ్నకు జవాబు 2009 శాసనసభ ఎన్నికల్లోనే ఉంది. అందుకే ఈరోజు ఆ ఎన్నిక గురించే మాట్లాడతా.

మా ఇంట్లో ఆ ఓటు

2009లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. అదే నా మొదటి ఓటు. మాది ఆలూరు దిక్కు పల్లె. అక్కడ వాన పడితే చేను, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే ఈ సభలో సగం మందికి చెప్పే పనిలేదు. మూటాముల్లె కట్టుకొని, ఇంటికి తాళమేసి, పిల్లోళ్లను చంకనేసుకొని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయను పోవడం. ముసలోళ్లు, కుక్కలు మాత్రమే ఊర్లో మిగలడం.

2008 చివర్లో మా నాయనకు గుండె ఆపరేషన్ అయింది. ఆరోగ్యశ్రీ కింద అయింది. మేము ఒక్క రూపాయి కట్టలేదు. ఆ కార్డు లేకుంటే ఉన్న ఐదెకరాలు అమ్మినా ఆ ఆపరేషన్ అయ్యేది కాదు. నా కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టింది. మా అవ్వకు 75 రూపాయల పింఛను 200 అయింది. రెండు రూపాయల బియ్యం వచ్చె. ఇన్ని వచ్చిన ఇంట్లో ఓటు ఎవరికి పోతుంది? మా అమ్మ ఆరోజు ఒకే మాట అనింది. "మీ నాయన ఈడ కూర్చున్యాడంటే ఆయప్ప పుణ్యమే. ఇంగ మాట్లాడొద్దండి." మేము మాట్లాడలేదు. ఇంట్లో ఉన్న నాలుగు ఓట్లూ ఆయనకే పోయినాయి. నాది కూడా.

ఈ సంగతి దాచుకోను. ఉద్యమంలో ఉన్నానని నా మొదటి ఓటు అబద్ధం కాదు. 2009 సెప్టెంబర్ 2న ఆయన హెలికాప్టర్ మన నల్లమలలోనే కూలిపోయినప్పుడు నేను కూడా ఏడ్చినా. సంక్షేమానికి ఓటేసినవాణ్ని అమ్ముడుపోయినాడు అనే మాట మన వేదికల మీద ఇంక వినపడకూడదు. నాయన ప్రాణం నిలబెట్టిన చేతికి ఓటేయడం అమ్ముడుపోవడం కాదు, కృతజ్ఞత.

అయితే అదే ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. మా చేలో మూడు బోర్లు. మూడూ ఎండినాయి. ఉచిత కరెంటు వచ్చె, ఏడు గంటలు. ఆ ఎన్నికల్లో తొమ్మిది గంటలు చేస్తామన్నారు. మా నాయన రాత్రిపూట లేచి పోయి స్టార్టర్ నొక్కేవాడు. మోటారు కాసేపు గాలి పోసి ఆగిపోయేది. కరెంటుకు బిల్లు లేదు. నీళ్లూ లేవు. బోర్లు వేయనీకి తెచ్చిన అప్పు మాత్రం అట్లే ఉండె.

ఇంకొకటి కూడా మర్చిపోలేను. ఏప్రిల్ 23న మన దిక్కు పోలింగ్. దానికి ముందు రోజు గుంటూరు దిక్కు ఉన్న మా ఊరోళ్లకు బండ్లు వచ్చినాయి. అన్ని పార్టీల బండ్లూ వచ్చినాయి. పొద్దున్నే ఓటేసినారు. ఇంట్లో ముసలోళ్లకు ఇంత బియ్యం పెట్టి, సాయంత్రం మళ్లా అదే బండి ఎక్కినారు. వాళ్లను ఊరికి తెచ్చే బండి ఐదేళ్లకు ఒకసారి వస్తుంది. వాళ్లను ఊర్లోనే ఉంచే కాలువ మాత్రం రాలేదు. తమ్ముని ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ గెలుపు ఎట్లా వచ్చింది?

లెక్కలు చూద్దాం. 2004లో కాంగ్రెస్ పొత్తులతో పోటీ చేసి 185 సీట్లు గెలిచింది. 2009లో ఒంటరిగా నిలబడింది. ఎదురుగా తెలుగుదేశం, టీఆర్‌ఎస్, రెండు కమ్యూనిస్టు పార్టీల మహాకూటమి. పక్కన చిరంజీవి ప్రజారాజ్యం. మే 16న ఫలితాలు వచ్చేసరికి 294లో కాంగ్రెస్‌కు 156, తెలుగుదేశానికి 92, ప్రజారాజ్యానికి 18, టీఆర్‌ఎస్‌కు 10. లోక్‌సభలో 42కు 33 కాంగ్రెస్‌వే. శాసనసభలో 29 సీట్లు తగ్గినా అధికారం నిలిచింది. కూటమి నగదు బదిలీ ఇస్తామన్నది, కలర్ టీవీ ఇస్తామన్నది. ఆయన మాత్రం మనిషికి నాలుగు కిలోల బియ్యం ఆరు కిలోలు చేస్తా, కరెంటు తొమ్మిది గంటలు చేస్తా అన్నాడు. చేసినవాని మాట జనం నమ్మినారు.

మన రెండు జిల్లాలు చూడండి. కడపలో 10కి 9 కాంగ్రెస్. ఒక్క ప్రొద్దుటూరు తెలుగుదేశానికి పోయింది. పులివెందులలో ఆయన మెజారిటీ 68 వేలు దాటింది. కర్నూలులో 14కు 8 కాంగ్రెస్, 4 తెలుగుదేశం. ఆళ్లగడ్డ, బనగానపల్లె ప్రజారాజ్యానికి వచ్చినాయి. అంటే సీమ కళ్లు మూసుకొని వేయలేదు. ఊరూరా లెక్క చూసుకొనే వేసింది. కానీ ఆ లెక్కలో మన నీళ్లు లేవు. ఏ పార్టీ అభ్యర్థీ దానిమీద ఓటు అడగలేదు. మనమూ దానిమీద ఓటు వేయలేదు.

ఎందుకు అడగలేదు? దానికి కారణం ఆ 294లోనే ఉంది. సీమ నాలుగు జిల్లాలకు కలిపి సీట్లు 52. తెలంగాణకు 119. కోస్తాకు 123. ముఖ్యమంత్రి కావాలంటే 148 కావాలి. సీమ మొత్తం ఊడ్చిపెట్టి ఇచ్చినా ఇంకా 96 బయటినుంచి తెచ్చుకోవాలి. ఉభయగోదావరి రెండు జిల్లాల్లోనే 34 సీట్లు. అందుకే ముఖ్యమంత్రి సీమోడైనా, ఆయన కుర్చీ కాళ్లు సీమలో ఉండవు.

ఆ ముఖ్యమంత్రి ఏమివ్వగలడు? అందరికీ ఇచ్చేది మనకూ ఇవ్వగలడు. బియ్యం, పింఛను, ఆసుపత్రి, ఫీజు. తెనాలిలో ఇచ్చిందే తుగ్గలిలో ఇస్తాడు. దానికి ఎవరూ అడ్డం రారు. కానీ సీమకు మాత్రమే కావలసినది ఒకటుంది. అది కృష్ణ, తుంగభద్రల్లో ఖాయమైన నీటి వాటా. అది మనకు రాసిస్తే ఇంకొక చోట ఓటు పోతుంది. ఎంత జనాదరణ ఉన్న నాయకుడైనా అక్కడే ఆగిపోతాడు. ఇది ఒక మనిషి మంచితనానికో చెడ్డతనానికో సంబంధించిన సంగతి కాదు. కూడికలు, తీసివేతలు.

నంద్యాల మాట

ఆ ఎన్నికలు రెండు దశల్లో జరిగినాయి. ఏప్రిల్ 16న తెలంగాణ, ఉత్తర కోస్తా. 23న మిగిలిన కోస్తా, మన సీమ. అంతకు ముందు ఫిబ్రవరి 12న ఆయన శాసనసభలో తెలంగాణకు సూత్రప్రాయంగా అభ్యంతరం లేదని చెప్పి, రోశయ్య అధ్యక్షతన కమిటీ అని ప్రకటించినాడు. మొదటి దశ పోలింగ్ అయిపోయింది. తెలంగాణ ఓట్లు పెట్టెల్లోకి పోయినాయి. వెంటనే మన నంద్యాలకు వచ్చి, తెలంగాణ ఇస్తే హైదరాబాదుకు పోవడానికి మనం వీసా తీసుకోవాల్సి వస్తుందనే అర్థంలో మాట్లాడినాడు.

తెలంగాణ మిత్రులు ఆ మాటను ఎన్నటికీ మర్చిపోలేదు. వాళ్ల కోపం వాళ్లది. మనం వేరే వైపు నుంచి చూడాలి. ఆరోజు నంద్యాలలో సీమకు ఒక భయం ఇచ్చినారు. హామీ ఇవ్వలేదు. "రాష్ట్రం విడిపోతే మీ నీళ్లకు ఈ చట్టం కాపలా ఉంటుంది, మీ కర్నూలుకు ఇది దక్కుతుంది" అని ఎవరూ చెప్పలేదు. విడిపోతుందేమోనన్న భయం నిజమే అయితే, విడిపోయినప్పటికి కావలసినవి ముందే సిద్ధం చేసుకోవాలి కదా? మనల్ని భయపెట్టి ఓటు తీసుకున్నారే కానీ సిద్ధం చేయలేదు. మనమూ అడగలేదు. కర్నూలు రాజధాని హైదరాబాదుకు పోయి అప్పటికి 53 ఏళ్లు. హైదరాబాదు పోతుందని భయపడిన మనకు, పోయిన కర్నూలు గుర్తుకు రాలేదు.

తూము పెద్దదైంది, మరి హక్కు?

"పోతిరెడ్డిపాడు చేయలేదా?" అని మీలో ఎవరైనా అడుగుతారు. చేసినాడు. ఆ మాట ఇక్కడ గట్టిగానే చెప్పాలి. 1980లలో సీమ నీళ్ల కోసం లేపాక్షి నుంచి పోతిరెడ్డిపాడు దాకా నడిచిన నాయకుల్లో ఆయన ఒకడు. ముఖ్యమంత్రి అయినాక 2005లో జీవో 170 ఇచ్చి పోతిరెడ్డిపాడు తూమును 11,150 క్యూసెక్కుల నుంచి 44,000 క్యూసెక్కులకు పెంచే పనికి పూనుకున్నాడు. సొంత పార్టీలోనే వ్యతిరేకత వచ్చినా వెనక్కి పోలేదు. హంద్రీ-నీవా, గాలేరు-నగరి పనులు కదిలినాయంటే ఆ ఐదేళ్లలోనే.

అయితే తూము వేరు, హక్కు వేరు. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు 854కు దిగితే పోతిరెడ్డిపాడు కాలువలోకి వచ్చేది పలచన. 841కి దిగితే చుక్క ఎక్కదు. కాబట్టి తూము ఎంత వెడల్పున్నా, జలాశయంలో మట్టం ఎవరి చేతిలో ఉంటే కాలువ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఆ మట్టం జీవోల మీద నడిచింది. 1996లో జీవో 69 ఇచ్చి కనీస మట్టాన్ని 834కు దించినారు. 2004లో జీవో 107 ఇచ్చి మళ్లా 854 చేసినారు. ఒక జీవో దించుతుంది, ఒక జీవో ఎత్తుతుంది. ఇక హంద్రీ-నీవాకు 40 టీఎంసీలు, గాలేరు-నగరికి 38 టీఎంసీలు అని రాసుకున్నారు కానీ అవి మిగులు జలాల మీద ఆధారపడిన పథకాలు. మిగిలితేనే మనకు. మిగలకపోతే మనం ఎవరినీ అడగలేం.

ఉద్యోగ మిత్రులకు ఇది వేరే చెప్పాలా? మీ సర్వీసులో ఒక ఉత్తర్వుకూ, ఒక చట్టానికీ తేడా ఏమిటో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఉత్తర్వు సంతకం పెట్టినాయన కుర్చీలో ఉన్నంతకాలం పనిచేస్తుంది. ఆయన లేచిపోతే ఫైలు కిందికి పోతుంది. సీమ నీళ్లు అట్లా ఒక మనిషి సంతకానికి వేలాడినాయి. 2009 మే 20న రెండోసారి ప్రమాణం చేసిన ఆయన, నాలుగు నెలలు కూడా నిండకుండానే పోయినాడు. సంతకం పెట్టే చెయ్యి లేదు. మన చేతిలో కాగితం లేదు.

సరిగ్గా నెల తిరిగేసరికి అక్టోబర్ 2న కర్నూలు మునిగింది. ఇక్కడ ఉన్న పెద్దవాళ్లందరికీ ఆ రాత్రి తెలుసు. మిద్దెలెక్కి తెల్లారేదాకా కూర్చున్నాం. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిందని తర్వాత లెక్క చెప్పినారు. అంత నీళ్లు మన ఊరి మీదుగా పోయినాయి. ఆ ఏడాది కూడా మా ఊరోళ్లు సుగ్గికి పోయినారు. నీళ్లు లేక కరువు, నీళ్లొస్తే వరద. నీళ్లు నిలబెట్టుకునే చోటు మాత్రం లేదు.

తర్వాత ఏమైంది?

డిసెంబర్ 9న ఢిల్లీ తెలంగాణ ప్రకటన చేసింది. నంద్యాలలో చెప్పిన భయం ఎనిమిది నెలలు తిరక్కుండానే ఎదురొచ్చి నిలబడింది. తెలంగాణ మిత్రులు ఏం కావాలో తెలిసి కొట్లాడినారు. ఉద్యోగులు, విద్యార్థులు ముందు నిలిచినారు. వాళ్లతో మనకు తగాదా లేదు, నేర్చుకోవాల్సింది ఉంది. మనం మాత్రం సమైక్యం అని రోడ్డెక్కినాం. విడిపోతే మాకేం కావాలి అనేది చివరిదాకా తేల్చుకోలేదు. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూల్లో హంద్రీ-నీవా, గాలేరు-నగరి, తెలుగుగంగ పేర్లయితే ఎక్కినాయి. ఏటా ఇన్ని టీఎంసీలు సీమకు ఖాయం అనే మాట ఎక్కలేదు.

ఆ తర్వాత కూడా మనం మారలేదు. 2019లో కర్నూలు 14కు 14, కడప 10కి 10 ఒకే పార్టీకి ఇచ్చినాం. సీమ మొత్తం 52లో 49. ముఖ్యమంత్రి మళ్లా పులివెందుల నుంచే. రాష్ట్రంలో 175కు 151. అంతకన్నా బలం ఉంటుందా? 2020లో కర్నూలు న్యాయ రాజధాని అని చట్టం చేసినారు. 2021 నవంబర్‌లో ఆ చట్టాన్ని వాళ్లే వెనక్కి తీసుకున్నారు. 2024లో గాలి తిరిగింది. కర్నూలులో ఆ పార్టీకి మిగిలింది రెండు, కడపలో మూడు. ముఖ్యమంత్రి మళ్లా సీమలో పుట్టినాయనే. పార్టీలు మారినాయి, కానీ శ్రీబాగ్ కాగితం ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

కడప ఉక్కు సంగతి చూడండి. 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి. పదహారేళ్లలో మూడు ప్రభుత్వాల చేతుల మీదుగా నాలుగు శంకుస్థాపనలు. ఆ పదహారేళ్లలో ఒక్క టన్ను ఉక్కు రాలేదు. అందరూ మనోళ్లే. కొబ్బరికాయ కొట్టినవాళ్లూ మనోళ్లే, చప్పట్లు కొట్టినవాళ్లమూ మనమే.

నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు నాయుడు, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్‌మోహన్‌రెడ్డి. 1956 తర్వాత సీమ గడ్డ నుంచి ఏడుగురు ముఖ్యమంత్రులు. ఇంతమందిని ఇచ్చిన ప్రాంతం సుగ్గికి ఎందుకు పోతుంది? మనకు నాయకుల కొరత ఎప్పుడూ లేదు. ఆ నాయకుణ్ని మన కోసం నిలబెట్టే లెక్క మన చేతిలో లేదు.

తమ్ముడికి జవాబు

ఇప్పుడు ఆ కడప తమ్ముడికి జవాబు చెప్తా.

తమ్ముడూ, ప్రత్యేక రాష్ట్రం వస్తే కొత్త దేవుడెవరో దిగివస్తాడని నేను చెప్పను. వచ్చే ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి కన్నా గొప్పవాడు కాకపోవచ్చు. కానీ ఒకటి మాత్రం మారుతుంది. అప్పుడు ఆయనకు కావలసిన ఓట్లన్నీ సీమలోనే ఉంటాయి. పక్కకు పోయి తెచ్చుకోనీకి ఇంకొక ప్రాంతం ఉండదు. పత్తికొండ రైతుకు, రాయచోటి కూలికి జవాబు చెప్పకుండా గెలవడం కుదరదు. నదీజలాల పంచాయితీలో మనకోసం ఒక రాష్ట్రం పేరుతో లాయరు నిలబడతాడు. ఈరోజు ఆ కుర్చీ మనకు లేదు. అంతకు మించి ఎవరైనా చెప్తే నమ్మొద్దు. రాష్ట్రం వచ్చినా మనం ఇట్లానే మనిషిని చూసి ఓటేసి నిద్రపోతే, అప్పుడూ ఇదే గతి.

అందుకే రాష్ట్రం వచ్చేదాకా ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో పెద్దలు రాసుకున్న కాగితాన్ని విద్యార్థులు చదవాలి. కృష్ణ, తుంగభద్ర నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం అని, రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకు అని అందులో ఏం ఉందో మీ హాస్టల్ గదిలో గోడకు అంటించుకోండి. ఉద్యోగులు మీ శాఖల్లో సీమకు వచ్చిన ఉత్తర్వులు ఎన్ని అమలైనాయి, ఎన్ని మూలన పడినాయి అనే లెక్క తీయండి. ఆ లెక్క మాకిస్తే మా పత్రికలో వేస్తాం. రేపు ఓట్లకు వచ్చే ప్రతి అభ్యర్థిని ఒకే మాట అడుగుదాం. "ఏమిస్తావు అనేది తర్వాత. మా నీళ్లు చట్టంలో రాయిస్తావా, లేదా?"

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినా. మా అమ్మ ఇంట్లో ఆయన ఫోటో ఇప్పటికీ గోడకు ఉంది. తీయమని నేను ఎన్నడూ అడగలేదు, అడగను. నాయన ఇప్పటికీ మందులు మింగుతూ అరుగు మీద కూర్చుంటాడు. నన్ను చూసి, "ఏమిరా, మీ మీటింగులతో నీళ్లొస్తాయంటావా?" అన్నాడు. "నువ్వు ఓటేసేటప్పుడు నీళ్లు అడిగితే వస్తాయి నాయనా" అన్నా. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈసారి అడుగుదాంలే" అన్నాడు.

మిత్రులారా, నాకు ఆ ఒక్క మాట చాలు. ప్రతి ఇంట్లో ఆ మాట వచ్చేదాకా మనం తిరుగుదాం.

జై రాయలసీమ.